అమ్మకు వెన్నులో గడ్డ, ఆపరేషన్ చేయిస్తే కాళ్లు పడిపోతయా?

మూసీ_ఒడ్డు · సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. అమ్మకు యాభై ఎనిమిదేండ్లు, షుగర్ ఉంది. సంక్రాంతి అప్పటి నుంచి వీపు మధ్యల నొప్పి అంటున్నది. రాత్రి పండుకుంటే ఎక్కువైతది, లేచి కూసుంటే కొంచెం తగ్గుతది. నాట్లకు వంగి వంగి పట్టిందేమో అని ఊర్ల ఆర్‌ఎంపీ సూదులిచ్చిండు. తర్వాత కాళ్లు మొద్దుబారినయ్, షుగర్ వల్ల అని మందులు మార్చిన్రు. ఇప్పుడు నడుస్తుంటే కాలి చెప్పు ఊడిపోయినా తెలుస్తలేదు. కొంత దూరం పోయినంక చూసుకొని వెనక్కి వస్తున్నది.

హైదరాబాద్‌ల ఎమ్మారై తీయించినం. డీ6 (వీపుల ఆరో పూస) దగ్గర వెన్నుపాము పక్కన గడ్డ, మెనింజియోమా కావచ్చు, పామును బాగా నొక్కుతున్నది అని రిపోర్ట్. ఈ వారమే ఆపరేషన్ చేయాలె అంటున్నరు. ఊర్ల అందరిదీ ఒకటే మాట, వెన్నుపూస ముట్టుకుంటే కాళ్లు పోతయ్, ఇగ మంచమే అని. మేనమామ వద్దే వద్దంటున్నడు. అమ్మ అయితే "ఇప్పుడు గోడ పట్టుకొనైనా నడుస్తున్న గద బిడ్డా, ఇదన్న ఉండనియ్" అని ఏడుస్తున్నది. తెలిసినవాళ్లు ఉంటే చెప్పున్రి.

కొల్లేటి_పక్షి · సోమవారం, రాత్రి 11:15

తమ్ముడూ, ముందు అమ్మగారికి నా గురించి చెప్పు. నాకు నడుం పైభాగంలో నరం మీద గడ్డ, ష్వానోమా అంటారు. 2016లో తీశారు. అంతకుముందు ఏడాదంతా సయాటికా అనే మందులు వాడాను. పడుకుంటే కాల్లోకి కరెంటు కొట్టినట్టు ఉండేది, రాత్రుళ్లు కుర్చీలో కూర్చునే నిద్రపోయేదాన్ని. ఆపరేషన్ అయిన మర్నాటి రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయాను.

నేను స్కూలు టీచర్ని. రోజూ నిలబడే పాఠాలు చెబుతున్నాను. ఎడమ తొడ మీద అరచేయంత మేర ఇప్పటికీ స్పర్శ లేదు, అది ఇక రాదని డాక్టరు అప్పుడే చెప్పారు. దాంతో ఇబ్బందేమీ లేదు.

న్యూరో_విశాఖ · మంగళవారం, ఉదయం 6:05

నేను న్యూరోసర్జన్‌ని. ఫిల్ములు చూడకుండా మీ అమ్మగారి కేసు మీద తీర్పు చెప్పను. కానీ "వెన్ను ముట్టుకుంటే కాళ్లు పోతాయి" అన్న మాట మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది, ఎందుకంటే ఆ మాట వల్లే కాళ్లు పోగొట్టుకున్నవాళ్లను ఏటా చూస్తున్నాను.

వెన్నులో గడ్డ అనగానే అన్నీ ఒకటి కావు. ఎముకలో వచ్చేవి ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం వేరే చోటి క్యాన్సర్ పాకినవి. పాము చుట్టూ ఉన్న పొర లోపల, కానీ పాముకు బయట వచ్చేవి ఉన్నాయి. మెనింజియోమా, పైన టీచర్ గారు చెప్పిన ష్వానోమా ఈ రకం. ఇక పాము లోపలే పుట్టేవి మూడో రకం, వాటి లెక్కే వేరు. మీ రిపోర్టు ప్రకారం అమ్మగారిది రెండోది. ఇది మధ్య వయసు దాటిన ఆడవాళ్లకు, వీపు భాగంలో ఎక్కువగా వస్తుంది. దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. పాము పక్కకు ఒరుగుతూ సర్దుకుంటూ వస్తుంది, అందుకే లక్షణాలు నెలల తరబడి కొంచెం కొంచెంగా కనిపిస్తాయి. వీపు భాగంలో వెన్ను కాలువ ఇరుకు. సర్దుకోవడానికి చోటు అయిపోయాక మాత్రం నడక వారాల్లోనే దిగజారవచ్చు.

ఊళ్లో ఆ మాట ఎలా పుట్టిందో కూడా చెబుతాను. కాళ్లు పూర్తిగా పడిపోయి, మూత్రం బిగిసిపోయిన తర్వాత మనిషిని మంచం మీద పట్నం తెస్తారు. ఆపరేషన్ చేస్తాం, గడ్డ వస్తుంది, పాము అప్పటికే చచ్చిపడి ఉంటుంది. మనిషి మళ్లీ మంచం మీదే ఊరు చేరతాడు. ఊరికి కనిపించేది ఆపరేషన్‌కు వెళ్లడం, నడవకుండా తిరిగి రావడం, అంతే. అంతకుముందు ఆర్నెల్లు ఏం జరిగిందో ఎవరూ లెక్కలో వేయరు.

వెన్ను గడ్డల్లో ఆపరేషన్ తర్వాత ఎలా ఉంటారన్నది అన్నిటికంటే ఎక్కువగా ఆపరేషన్ ముందు ఎలా ఉన్నారన్న దాని మీదే ఆధారపడుతుంది. గోడ పట్టుకుని నడుస్తూ వచ్చిన మనిషి గోడ వదిలి నడిచే అవకాశం చాలా ఎక్కువ. మీ అమ్మగారు "ఇదన్న ఉండనియ్" అంటున్న నడకను కాపాడటానికే ఈ ఆపరేషన్. దాన్ని అలాగే వదిలేస్తే అది ఉండదు.

ముప్పు లేదని చెప్పను. మొదటి రోజుల్లో బలం కాస్త తగ్గడం, పొర కుట్టిన చోట నుంచి నీరు కారడం, ఇన్‌ఫెక్షన్, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం ఉంటాయి. శాశ్వతంగా కాళ్లు పోవడం కూడా జరగవచ్చు, కానీ ఈ రకం గడ్డలో అది అరుదు. మీ సర్జన్‌ను ఇవి అడగండి: గడ్డ పాముకు వెనక ఉందా, ముందు ఉందా (ముందున్నది కష్టం), ఆపరేషన్‌లో నరాల మానిటరింగ్ పెడతారా, ఇలాంటివి ఆయన తరచుగా చేస్తారా. ఇవి అడిగితే ఏ మంచి సర్జనూ నొచ్చుకోడు.

గోదారి_గట్టు · మంగళవారం, ఉదయం 9:20

డాక్టరు గారూ, కోత లేకుండా రేడియేషన్‌తోనే గడ్డ కాల్చేసే మిషన్లు హైదరాబాదులో వచ్చాయి కదండీ. ఆ వయసులో షుగరున్న మనిషికి అది మేలు కాదా? అంత తొందరపడకుండా మరో ఇద్దరికి చూపించుకుంటే మంచిదని నా అభిప్రాయం. మా బావగారికి నడుం నొప్పి కేరళ తైలంతోనే తగ్గిందండీ.

న్యూరో_విశాఖ · మంగళవారం, మధ్యాహ్నం 1:50

మంచి ప్రశ్న అడిగారు. మీరు చెప్పిన కోత లేని రేడియేషన్‌ను రేడియో సర్జరీ అంటారు. అది మెనింజియోమా పెరుగుదలను ఆపుతుంది, ఒక్కోసారి కొద్దిగా తగ్గిస్తుంది, అదీ నెలల మీద. పాము నలిగిపోతున్న మనిషికి కావాల్సింది ఈ వారంలో ఒత్తిడి దిగడం. పైగా పాము అంత ఆనుకుని ఉన్నప్పుడు గడ్డకు సరిపడా మోతాదు ఇస్తే పాముకూ తగులుతుంది. ఆపరేషన్ తర్వాత మిగిలిన ముక్కకో, మళ్లీ వచ్చిన చిన్న గడ్డకో దాన్ని వాడతాం. ఇంకోటి, ముక్క తీసి పరీక్షించకుండా అది మెనింజియోమానే అని ఎమ్మారై పూర్తి హామీ ఇవ్వలేదు.

రెండో అభిప్రాయం తీసుకోండి, తప్పకుండా. ఎమ్మారై సీడీ ఇంకో న్యూరోసర్జన్‌కు చూపించడానికి ఒకటి రెండు రోజులు చాలు. నెల ఆగడం వేరు. మీ బావగారి నడుం నొప్పికీ దీనికీ పోలిక లేదండీ. కాళ్లలో స్పర్శ తగ్గి, నడక బిగుసుకుపోయిన మనిషి వీపు మీద మర్దన చేయించవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఓరుగల్లు_నర్సు · మంగళవారం, సాయంత్రం 7:30

మూసీ అన్నా, రెండు మాటలు. రేషన్ కార్డు ఉంటే హాస్పిటల్‌ల ఆరోగ్యమిత్ర డెస్క్ కాడికి పొయ్యి ముందే అడుగు, ఈ కేసు ఆరోగ్యశ్రీల వస్తదా అని. అప్రూవల్ ఆపరేషన్‌కు ముందే రావాలె, తర్వాత తిరిగితే కాదు. తెలంగాణల 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేసిన్రు.

రెండోది, వాపు తగ్గనీకి డెక్సా అనే స్టెరాయిడ్ సూదులు ఇస్తరు, వాటితోని షుగర్ అమాంతం పెరుగుతది. అమ్మకు ఇన్సులిన్ పెడితే భయపడొద్దు, కొద్ది రోజులకే. షుగర్ అదుపుల లేకుంటే కుట్లు మానయ్. రక్తం పలుచబడే గోలీలు, ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ఇప్పుడే డాక్టర్‌కు చెప్పు.

సీమ_బిడ్డ · మంగళవారం, రాత్రి 9:10

అన్నా, అందరూ ధైర్యం చెప్తాండారు, చెప్పాల్సిందే. ఇంకో వైపు కూడా ఈడ ఉండల్ల అని రాస్తాండా, ఎందుకంటే ఇది సదివేవాళ్లలో నా మాదిరోళ్లు కూడా ఉంటారు.

మా తమ్మునికి ఇరవై నాలుగేండ్లప్పుడు మెడకాడ, పాము లోపలే గడ్డ అన్నారు. మా సీమలో పెద్ద జబ్బంటే రాయవేలూరే, ఆడికే పోతిమి. ఆపరేషన్‌లో గడ్డ పూర్తిగా తీయలేదు. కాళ్లకు పోయే సిగ్నల్ తగ్గిపోతాంది, ఇంక ముట్టుకుంటే చేతులు గూడా పోతాయని కొంచెం తీసి ఆపినారు. రిపోర్టు ఆస్ట్రోసైటోమా. తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టినారు. ఇప్పుడు వాడు వీల్‌చైర్‌లో ఉన్నాడు. చేతులు బాగా పనిచేస్తాయి. ఇంటి ముందర జిరాక్సు అంగడి పెట్టుకున్నాడు, వాడి సంపాదన వాడిదే.

గడ్డ తీసినంతనే అయిపోదు. వేలూరులోనే ఉండే బాగాయం రీహాబ్‌లో మంచంలోంచి కుర్చీలోకి సొంతంగా ఎట్ల దిగల్ల, మూత్రం పైపు సొంతంగా ఎట్ల పెట్టుకోవల్ల, పుండ్లు పడకుండా అద్దంతో వీపు ఎట్ల చూసుకోవల్ల, అన్నీ నేర్పినారు. దాన్ని మొదలుపెట్టిన మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద పడిపోయి, వీల్‌చైర్‌లోనే కూర్చుని ఆపరేషన్లు చేసిందంట. ఆయమ్మ కథ విన్న రోజు మా వాడు మొదటిసారి అన్నం సరిగ్గా తిన్యాడు.

న్యూరో_విశాఖ · బుధవారం, ఉదయం 5:50

సీమ_బిడ్డ గారూ, ఇది రాసినందుకు నమస్కారం. పాము లోపలి గడ్డల్లో పెద్దవాళ్లకు ఎక్కువగా వచ్చేది ఎపెండిమోమా, తర్వాత ఆస్ట్రోసైటోమా. ఎపెండిమోమాకు పాముకు మధ్య చాలాసార్లు ఒక అంచు దొరుకుతుంది, దాన్ని పట్టుకుని మైక్రోస్కోపు కింద పూర్తిగా తీయగలిగితే చాలామందికి మళ్లీ మరో వైద్యం అక్కర్లేదు. ఆస్ట్రోసైటోమా పాలలో నీళ్లలా పాములో కలిసిపోయి ఉంటుంది. ఎక్కడ గడ్డ అయిపోయిందో, ఎక్కడ పాము మొదలైందో సర్జన్‌కు కనపడదు. అక్కడ ఆగడమే సరైన పని. మీ తమ్ముడి చేతులు నిలబడ్డాయంటే ఆ రోజు ఆ సర్జన్ సమయానికి చేయి ఆపాడు కాబట్టే.

మానిటరింగ్ అంటే ఏమిటని ఇద్దరు విడిగా మెసేజ్ పెట్టారు. తల మీద చిన్న కరెంటు ఇస్తే అది పాము గుండా దిగి కాలి కండరాన్ని కదిలించాలి. మత్తులో ఉన్న మనిషిలో ఆ కదలికను ఆపరేషన్ పొడవునా కొలుస్తూ ఉంటారు. అది తగ్గితే ఆగుతాం, గోరువెచ్చని సెలైన్ పోస్తాం, బీపీ పెంచమంటాం, కాసేపు చూస్తాం. తిరిగి వస్తే కొనసాగిస్తాం.

ఇవేవీ లేని రోజుల్లో కూడా ఈ పని చేసినవాళ్లు ఉన్నారు. 1887 జూన్‌లో లండన్‌లో విక్టర్ హార్స్‌లీ అనే సర్జన్ తొలిసారి వెన్నులోని గడ్డను విజయవంతంగా తీశాడు. ఎక్స్‌రే కనిపెట్టడానికి ఇంకా ఎనిమిదేళ్లుంది. రోగి ఒక సైనికాధికారి. కాళ్లు అప్పటికే పడిపోయాయి, చెప్పలేనంత నొప్పి. స్పర్శ ఎక్కడి వరకు పోయిందో చేత్తో చూసి విలియం గోవర్స్ అనే నరాల వైద్యుడు గడ్డ ఎక్కడుందో గుర్తించాడు. తెరిచిన చోట గడ్డ కనపడలేదు. ఇంకాస్త పైకి తెరిచారు, దొరికింది. ఆ రోగి మళ్లీ నడిచాడు. చెప్పు జారిందని రోగి చెప్పే మాటనీ, స్పర్శ ఎక్కడ ఆగిందన్న విషయాన్నీ నేటికీ మేం అంతే శ్రద్ధగా వినాలి. డిస్క్ అనో షుగర్ అనో కొట్టిపారేసిన చోటే నెలలు పోతున్నాయి.

డల్లాస్_తెలుగు · బుధవారం, ఉదయం 8:00

ఈ థ్రెడ్‌లోకి వస్తున్నందుకు ఏమనుకోకండి. నాన్నగారు గుంటూరులో ఉంటారు, 71 ఏళ్లు, ప్రోస్టేట్ క్యాన్సర్. మందులతో బాగానే ఉన్నారు. నిన్న సాయంత్రం నుంచి కాళ్లు ఈడుస్తున్నారు, పొద్దున లేవలేకపోయారు. అన్నయ్య "సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, అప్పుడు చూపిద్దాం" అంటున్నాడు. ఒకరు రేడియేషన్ చాలంటున్నారు, ఒకరు ఆపరేషన్ అంటున్నారు. ఈ దశలో ఆయన్ని కోయించడం అవసరమా అని అమ్మ ఏడుస్తోంది.

న్యూరో_విశాఖ · బుధవారం, ఉదయం 8:12

సోమవారం వద్దు. క్యాన్సర్ వెన్నుకు పాకి పామును నొక్కుతూ ఉండవచ్చు. ఇప్పుడే అన్నయ్యకు ఫోన్ చేయండి. న్యూరోసర్జరీ, రేడియేషన్ రెండూ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. వెన్ను మొత్తం ఎమ్మారై ఈరోజే కావాలి. కారులో కూర్చోబెట్టకండి, అంబులెన్స్‌లో పడుకోబెట్టి తీసుకెళ్లండి. మూత్రం వస్తోందో లేదో అడగండి. మిగతాది సాయంత్రం రాస్తాను.

న్యూరో_విశాఖ · బుధవారం, రాత్రి 8:45

డల్లాస్ గారి మెసేజ్ వచ్చింది, నాన్నగారు చేరారు, స్టెరాయిడ్ మొదలైంది, రేపు ఉదయం ఆపరేషన్ అనుకుంటున్నారట.

రేడియేషనా, ఆపరేషనా అన్న ప్రశ్నకు 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ఇప్పటికీ ఆధారం. క్యాన్సర్ పాకి పాము నలిగిన 101 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 84 శాతం మంది నడవగలిగారు, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 57 శాతం. ఆ నడక నిలిచింది మొదటి గుంపులో మధ్యస్థంగా 122 రోజులు, రెండో గుంపులో 13 రోజులు. చేరేనాటికే నడవలేనివాళ్లు ఒక్కో గుంపులో 16 మంది. ఆపరేషన్ గుంపులో 10 మంది లేచి నడిచారు, రెండో దాంట్లో ముగ్గురు.

కానీ ఆ అంకెలు అందరికీ వర్తించవు. ఒకే చోట నొక్కుడు ఉన్నవాళ్లను, కనీసం మూడు నెలలు బతుకుతారని అంచనా ఉన్నవాళ్లను, కాళ్లు పూర్తిగా పడిపోయి 48 గంటలు దాటనివాళ్లను మాత్రమే తీసుకున్నారు. లింఫోమా, మైలోమా లాంటి రక్త సంబంధ క్యాన్సర్లు రేడియేషన్‌కే త్వరగా కరుగుతాయి కాబట్టి వాళ్లను చేర్చలేదు. ఆ 48 గంటల షరతు చూశాక, సోమవారం దాకా ఆగమనడం నాకు మింగుడుపడదు.

అమ్మగారి ప్రశ్నకు నా జవాబు: ఈ ఆపరేషన్ క్యాన్సర్‌ను నయం చేయదు. మిగిలిన కాలం ఆయన తన కాళ్ల మీద బాత్రూమ్‌కు వెళ్లగలగాలి, నొప్పి లేకుండా నిద్రపోవాలి, అందుకు చేస్తాం. ఆయుష్షు వారాల్లోనే ఉందని క్యాన్సర్ డాక్టరు స్పష్టంగా చెబితే నేనే వద్దంటాను, నొప్పి మందులతో, రేడియేషన్‌తో చూసుకోవడం కూడా వైద్యమే. మీ నాన్నగారిది ఆ పరిస్థితి కాదు.

కొల్లేటి_పక్షి · బుధవారం, రాత్రి 9:30

డాక్టరు గారూ, మా వీధిలో ఒకాయనకు వెన్నులో గడ్డ అన్నారు, చివరికి టీబీ అని తేలింది. అదెలా?

న్యూరో_విశాఖ · బుధవారం, రాత్రి 10:05

మన దేశంలో ఇది రోజూ ఎదురయ్యేదే. టీబీ సాధారణంగా రెండు పూసలనూ వాటి మధ్య డిస్క్‌నూ కలిపి తింటుంది, చుట్టూ చీము చేరుతుంది. క్యాన్సర్ పూసను తింటుంది కానీ డిస్క్‌ను చాలాసార్లు వదిలేస్తుంది. తేడా ఎప్పుడూ అంత తేటగా ఉండదు. అందుకే సూదితో ముక్క తీసి పరీక్ష చేయకుండా టీబీ మందులు మొదలెట్టి నెలల తరబడి చూడటం మంచిది కాదు. ఎటు పొరపడినా నష్టమే.

ఫిజియో_అక్క · గురువారం, మధ్యాహ్నం 2:15

నేను ఇలాంటి వాళ్లకే ఫిజియో చేయిస్తుంటాను. సర్జన్ల పని కొన్ని గంటలది, ఇంట్లోవాళ్ల పని నెలలది. ఆ రెండోదాని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త పొడవుగా రాస్తున్నా.

స్పర్శ లేని మనిషికి నొప్పి తెలియదు కాబట్టి తనంతట తాను కదలరు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రిపూట కూడా. తిప్పేటప్పుడు భుజాలు, నడుం, కాళ్లు ఒకేసారి తిరగాలి, నడుం మెలిపడకూడదు. మడమలు, తుంటి, పిరుదుల మధ్య ఎముక రోజూ వెలుతురులో చూడండి. ఎర్రబడి, వేలితో నొక్కితే తెల్లబడకపోతే అది పుండుకు మొదలు. వేడినీళ్ల సంచీ మాత్రం కాళ్ల మీద పెట్టకండి, కాలినా తెలియదు. ఆ బొబ్బలతో వచ్చినవాళ్లను చూశాను.

మూత్రం పైపు తీసేశాక వాళ్లకై వాళ్లు పోస్తున్నారా, పోశాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూడమని అడగండి. బొట్లు బొట్లుగా కారుతుంటే వస్తోందని సంబరపడకండి, లోపల నిండిపోయి పొంగి కారుతుండవచ్చు.

నడక వచ్చాక ఎక్కువమందిని పడేసేది బలం లేకపోవడం కాదు, కాలు ఎక్కడుందో తెలియకపోవడం. కళ్లతో చూస్తూ నడుస్తారు, చీకట్లో కరెంటు పోతే తూలిపోతారు. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసి వంగినప్పుడు కూడా అంతే. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకు కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు, వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఈ మూడూ పేషెంటు ఇంటికి రాకముందే సిద్ధం చేయండి. కాళ్లు కర్రల్లా బిగుసుకుని ఎగిరిపడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, మందులున్నాయి.

కోలుకోవడం మొదటి ఆర్నెల్లలో ఎక్కువ, ఆ తర్వాత ఏడాది దాకా, కొందరికి ఇంకా ఆపైన కూడా నెమ్మదిగా సాగుతుంది. రెండో నెలలో ఆగిపోయినట్టు అనిపిస్తే ఫిజియో మానేస్తారు, అది మానకండి.

మూసీ_ఒడ్డు · మరుసటి బుధవారం, సాయంత్రం 6:20

అందరికీ దండాలు. ఇంకో డాక్టర్‌కు గూడ చూపించినం, ఆయనదీ అదే మాట. టీచరక్క రాసింది, సీమ అన్న రాసింది రెండూ అమ్మకు చదివి వినిపించిన. సీమ అన్నది విన్నంక కొద్దిసేపు మాట్లాడలే. తర్వాత "ఆ పిల్లగానిది లోపలి గడ్డ, నాది బయటిది, గంతే గద" అని డాక్టర్‌నే అడిగింది. సంతకం తనే పెట్టింది.

ఆపరేషన్ అయింది. గడ్డ పక్కకు, కొంచెం వెనక్కి ఉండెనట, మొత్తం వచ్చింది అన్నరు. మొదటి రెండు రోజులు కుడికాలు ఇంకింత బరువైంది. మేనమామ ఐసీయూ బయట నా మొఖం చూడలే. డాక్టర్ సార్ ఇక్కడ ముందే రాసి ఉండెగావట్టి నేను తట్టుకున్న. మూడో రోజు బొటనవేలు ఆడింది, ఇయ్యాల వాకర్ పట్టుకొని వార్డు చివరి దాక పోయింది. కుట్ల కాడ నీరు ఏం లేదు. రిపోర్ట్ మెనింజియోమా గ్రేడ్ 1, అంటే క్యాన్సర్ కాదు. ఆరోగ్యశ్రీ అప్రూవల్ గూడ వచ్చింది, నర్సమ్మకు థ్యాంక్స్.

ఇంట్ల కింద కూసునే లెట్రిన్ ఉన్నది, కూసోవచ్చునా? మళ్ల ఎమ్మారై ఎప్పుడు? మళ్ల నాట్లకు పోతనంటున్నది, ఏం చెప్పాలె?

ఫిజియో_అక్క · మరుసటి బుధవారం, రాత్రి 7:45

కింద కూర్చోవడం ఇప్పుడే వద్దు. కమోడ్ కుర్చీ కొనండి, అదే లెట్రిన్ మీద పెట్టుకోవచ్చు. డిశ్చార్జ్ అయ్యేలోపు మెట్లు ఎక్కడం, దిగడం అక్కడి ఫిజియోతో చేయించండి, మీ ఇంటి గడప ఎత్తు ఎంతో కొలిచి చెప్పండి. పొలం సంగతి మూడు నెలల తర్వాత ఆమెను నడిపించి చూసి మాట్లాడదాం. బురదలో వంగి నాటు వేయడానికి కాలి పట్టు బాగా తెలియాలి. గట్టు మీద నడవడం మాత్రం అంతకంటే ముందే రావచ్చు.

డల్లాస్_తెలుగు · గురువారం, ఉదయం 7:10

నాన్నగారు పట్టుకుంటే నిలబడుతున్నారు. నడక ఇంకా లేదు. మూత్రం పైపు ఉంది. నొప్పి చాలా తగ్గింది, రాత్రి నిద్రపోతున్నారు. కుట్లు మానాక రేడియేషన్ మొదలుపెడతారట. నేను ఈ శనివారం బయలుదేరుతున్నాను. పుండ్ల గురించి అక్క రాసింది అన్నయ్య ప్రింటు తీసి మంచం దగ్గర అతికించాడు.

న్యూరో_విశాఖ · గురువారం, రాత్రి 9:00

మూసీ_ఒడ్డు గారూ, సాధారణంగా మూడు నెలలకు ఒక ఎమ్మారై తీస్తాం, అది ముందుముందు పోల్చుకోవడానికి ఆధారం. ఆ తర్వాత కొన్నేళ్లు ఏడాదికోసారి. పూర్తిగా తీసిన గ్రేడ్ 1 మళ్లీ రావడం తక్కువ, కానీ వస్తే ఏళ్ల తర్వాత వస్తుంది, అందుకే సీడీలన్నీ దాచండి. మధ్యలో మళ్లీ మొద్దుబారడం పైకి పాకినా, మూత్రం ఆగినా, జ్వరంతో మెడ పట్టేసినా తేదీ కోసం చూడకుండా వెంటనే రండి. అమ్మగారి అన్ని షుగర్ మందుల మోతాదూ స్టెరాయిడ్ ఆపేటప్పుడు మళ్లీ సరిచేయించండి, ఇన్సులిన్ అదే డోసు కొనసాగితే షుగర్ పడిపోతుంది.

డల్లాస్ గారూ, పట్టుకుని నిలబడటం ఈ దశకు మంచి గుర్తే. మీరు దిగాక నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్ రెండూ నాకు మెసేజ్‌లో పంపండి, రేడియేషన్ డాక్టర్‌ను ఏం అడగాలో రాసిస్తాను.